మోకాలి ఎత్తున కట్టిన సైకిల్

నా కుడి చెయ్యి భుజం కంటే పైకి లేవదు. అందుకని కారుకు సైకిల్ కట్టుకునే ర్యాక్ కోసం కరీంనగర్‌లో ఒక దుకాణానికి వెళ్ళినప్పుడు, యజమాని మొదట చూపించిన సరుకు నాకు పనికిరాదని చూస్తూనే తెలిసిపోయింది. అది కారు కప్పు మీద బిగించేది. రెండు అడ్డ కమ్మీలు, వాటి మీద పొడుగ్గా ఒక గాడి. సైకిల్‌ను తల మీదికి లేపి ఆ గాడిలో నిలబెట్టాలి. పడకుండా ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో బిగించాలి. చెయ్యి బాగున్న రోజుల్లో కూడా అది నాకు కష్టమే, నేను పొట్టిదాన్ని.

ఆయన మాత్రం దాన్నే అమ్మాలని చూశాడు. దగ్గరున్న సరుకు అదే మరి. హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్ళంతా ఇదే పెట్టించుకుంటారని, వెనక అద్దంలో రోడ్డు కనిపిస్తుందని, డిక్కీ ఎప్పుడంటే అప్పుడు తెరుచుకోవచ్చని చెప్పుకుంటూ పోయాడు. నా పక్కన నిలబడ్డ మా వదిన, నాకు చెయ్యి లేవదని చెప్పింది. ఏమైందని అడిగాడాయన. సైకిల్ మీది నుంచి పడిందని వదిన జవాబిచ్చింది. పడ్డా కూడా సైకిల్‌ను విడిచిపెట్టలేదా అని ఆయన నవ్వాడు. మేమూ నవ్వాం. ఆ అబద్ధం అప్పటికి మా ఇద్దరికీ బాగా అలవాటైపోయింది.

నేను సైకిల్ మీది నుంచి పడలేదు. నా భుజం విరగ్గొట్టింది మా అన్న.

మాది సిరిసిల్లలో సాంచెల మీద బతికిన ఇల్లు. మరమగ్గాన్ని అక్కడ సాంచె అంటారు. బాపు, అంటే మా నాన్న, రోజంతా కార్ఖానాలో ఆ మోత మధ్య నిలబడి వచ్చి, ఇంట్లో గిన్నె చప్పుడైనా ఓర్చుకునేవాడు కాదు. సాంచెకు వాడే తోలు పట్టా ఒకటి మా ఇంట్లో మేకుకు వేలాడేది. దానితో అన్నను కొట్టేవాడు. మేం అవ్వ అని పిలిచే అమ్మ అడ్డం వస్తే ఆమెనూ కొట్టేవాడు. నా వైపు తిరిగినప్పుడు అన్న వచ్చి ముందు నిలబడేవాడు. నాకు పడాల్సిన దెబ్బలు కూడా అన్న వీపు మీదే పడ్డాయి. సీటు వెనక పట్టుకుని నా వెంట పరిగెత్తి సైకిల్ నేర్పింది కూడా అన్నే. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మా అన్న మొదటి నుంచీ దుర్మార్గుడు అనుకుంటే ఎవరికీ నా కథ అర్థం కాదు. నాకే చాలాకాలం అర్థం కాలేదు.

నాకు నర్సు ఉద్యోగం వచ్చి కరీంనగర్‌లో వేశారు. అన్న కూడా అక్కడే బోరు మోటార్లు బాగుచేసే దుకాణం పెట్టాడు. బాపు, అవ్వ పోయాక నేను అన్నావదినల దగ్గరే, వాళ్ళ కూతురుతో పాటు ఉండిపోయాను. పెళ్లి మీద నాకు మనసు పోలేదు. బయట అన్నకు మంచి పేరు. ఎండాకాలంలో మోటారు కాలిపోయిందని రైతు ఫోన్ చేస్తే అన్నం ముందు నుంచి లేచి పోయేవాడు. ఇంట్లో మాత్రం మెల్లమెల్లగా బాపు అయిపోయాడు. మొదట పళ్ళాలు విసిరాడు. తర్వాత తలుపులు పగలగొట్టాడు. ఒకసారి నా ఫోన్ గోడకేసి కొట్టాడు. ప్రతిసారీ మరునాడు అవే వస్తువులు కొత్తవి తెచ్చి ఇచ్చేవాడు. కొత్త పళ్ళెం, కొత్త గడియ, కొత్త ఫోన్. మేం తీసుకునేవాళ్ళం.

ఆ రోజుల్లోనే నేను గేర్ల సైకిల్ కొనుక్కున్నాను. వార్డులో పగలంతా నిలబడి, ఇంటికొచ్చి అన్న మొహం ఎలా ఉందో చూసుకుని బతికేదానికి ఆ సైకిలే గాలి. డ్యూటీ లేని పొద్దుల్లో డ్యాం కట్ట మీద తొక్కేదాన్ని. ఆదివారాలు ముందు చక్రం ఊడదీసి సైకిల్‌ను కారు వెనక సీట్లోకి దూర్చి, ఆదిలాబాద్ గుట్టల వైపు పోయేదాన్ని. జైనూర్ దాకా కూడా పోయాను. ఎక్కడో ఒక స్కూలు దగ్గర కారు ఆపి, చక్రం తగిలించి, అడవి రోడ్డులో తొక్కి సాయంత్రానికి ఇల్లు చేరేదాన్ని. సీట్లకు గ్రీజు మరకలు. గొలుసు గీరుకుని ఒక తలుపు లోపలి తోలు చిరిగిపోయింది. అప్పట్లోనే ర్యాక్ కొనాలనుకున్నాను గానీ ఇంట్లో ఇంకో గొడవ ఎందుకని ఊరుకున్నాను.

అన్నకు నేను సైకిల్ తొక్కడం నచ్చలేదు. మొదట గాలి తీసేసేవాడు. ఒకసారి సీటు దాచిపెట్టాడు. నేను దుకాణానికి పోయి, మోటార్లు తెచ్చిన గిరాకీల ముందే, సీటు ఏది అన్నా అని అడిగాను. వాళ్ళ ముందు నవ్వి, తీసి ఇచ్చాడు. ఆ రోజు ఇంటికొచ్చి వదినను కొట్టాడన్న సంగతి నాకు తర్వాత చాలా రోజులకు గానీ తెలియలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం గుట్టల నుంచి వచ్చేసరికి అన్న ముందుగదిలో కూర్చుని ఉన్నాడు. చేతిలో ఫోన్. మా కులపోళ్ళ గ్రూపులో ఎవరో నా ఫొటో పెట్టారు. మోకాళ్ళ దాకా ఉండే ప్యాంటు, చెమటతో అంటుకుపోయిన టీషర్టు, సైకిల్ పక్కన నేను నీళ్ళు తాగుతున్నాను. కింద ఎవడో, ఈమె పలానా ఆయన చెల్లె కదా అని రాశాడు. ఫోన్ నా మొహం ముందు పెట్టి ఇది ఎవరని అడిగాడు. నేనే అన్నాను. అది నా సెలవు రోజని, అవి నా బట్టలని కూడా అన్నాను.

లేచాడు. నా కుడి చేతిలో ఇంకా సైకిల్ ముందు చక్రం ఉంది. దాన్ని లాక్కోబోయాడు. నేను వదల్లేదు. ఎందుకు వదల్లేదో ఇప్పటికీ చెప్పలేను. చక్రంతో సహా నా చేతిని వెనక్కి తిప్పి, వీపు మీదికి విరిచి, నన్ను గోడకేసి నొక్కాడు. భుజంలో చప్పుడైంది. నేను ఎముకల వార్డులో పనిచేసిన మనిషిని. ఏ ఎముక ఎలా పోయిందో ఆ చప్పుడుతోనే నాకు తెలిసిపోయింది. నొప్పి ఆ తర్వాత వచ్చింది. కిందపడ్డాను. పక్కటెముకల్లో తన్నాడు. సైకిల్‌కు గాలికొట్టే పంపు అక్కడే ఉంటే దానితో నడుము మీద, తొడల మీద కొట్టాడు. వదిన వచ్చి వెనక నుంచి పట్టుకుంది. మోచేత్తో ఆమె మొహం మీద పొడిచాడు. తర్వాత నన్ను విడిచిపెట్టి చక్రం మీద పడ్డాడు. పుల్లలన్నీ ఊడి, రిమ్ము వంగి ఎనిమిది అంకెలా అయ్యేదాకా బూటు కాలితో తొక్కాడు. కిందపడి ఉన్న నా మొహం పక్కనే ఆ పుల్లలు ఒక్కొక్కటీ ఎగిరి పడుతున్నాయి. అలసిపోయి కుర్చీలో కూర్చున్నాడు. వదినను చాయ్ పెట్టమన్నాడు.

ఆమె పెట్టింది. పెదవి నుంచి రక్తం కారుతుంటే కొంగుతో అద్దుకుంటూనే పెట్టింది. ఆయన తాగి దుకాణానికి పోయాక నన్ను ఆటోలో దవాఖానకు తీసుకుపోయింది. దారిలోనే ఆమె, సైకిల్ మీది నుంచి పడ్డదని చెబుదామంది. నేను సరేనన్నాను. నేను పనిచేసే చోటే నన్ను బల్ల మీద పడుకోబెట్టారు. తోటి నర్సులు నా బట్టలు కత్తిరించి తీశారు. తొడల మీది వాతలు వాళ్ళకు కనిపించే ఉంటాయి. సైకిల్ మీది నుంచి పడితే అలాంటి వాతలు పడవని వాళ్ళకు తెలుసు. ఒక్కరూ అడగలేదు. ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు. చూడడానికి వచ్చినవాళ్ళంతా, ఈ వయసులో ఆడమనిషికి సైకిల్ ఎందుకని నాకు బుద్ధి చెప్పి పోయారు. తప్పంతా పోయి ఆ సైకిల్ నెత్తిన పడింది.

అన్న రోజూ దానిమ్మలు తెచ్చేవాడు. ఒలిచి గిన్నెలో పోసి పెట్టేవాడు. సైకిల్‌కు కొత్త చక్రం వేయించి, నూనె పెట్టి, తుడిచి, మెట్ల కింద నిలబెట్టాడు. క్షమించమని ఒక్కసారి కూడా అనలేదు. ఒకరోజు మాత్రం గింజలు ఒలుస్తూ, తల ఎత్తకుండా, "నువ్వు చక్రం ఇడ్సిపెడితే గింత కాకపోవు" అన్నాడు.

ఆ మాటతోనే నేను ఆ ఇంటి నుంచి పోవాలని నిశ్చయించుకున్నాను.

చెయ్యి కొంత కుదుటపడి మళ్ళీ డ్యూటీలో చేరాక, ఏజెన్సీకి బదిలీ అడిగాను. అటువైపు పోతామనేవాళ్ళు తక్కువ కాబట్టి తొందరగానే వచ్చింది, జైనూర్ దగ్గరి ఆరోగ్య కేంద్రానికి. అన్నకు చెప్పలేదు. వదినకు మాత్రం చెప్పాను. సంతోషిస్తుందో ఏడుస్తుందో అనుకున్నాను. ఆమె చేస్తున్న పని ఆపకుండా, సైకిల్ సంగతి ఏం చేస్తావని అడిగింది. తర్వాత తీసుకుపోతానన్నాను. వెనక సీట్లోకి దూర్చాలంటే నా చెయ్యి ఆ ఒడుపుకు తిరగదు.

"గది ఈడ ఇడ్సిపెట్టకు, పిల్లా" అంది. నేను బడికి పోయే వయసులో ఆమె మా ఇంటికి కోడలుగా వచ్చింది. అప్పటి నుంచి నన్ను అలాగే పిలుస్తుంది. "నువ్వు పోయినంక దాని మీద పడ్తడు. దాని తర్వాత నా మీద పడ్తడు. దాన్ని ఎంబడి తీస్కపో."

అలా ఇద్దరం కలిసి ఆ దుకాణానికి వచ్చాం.

కప్పు మీది ర్యాక్ వద్దన్నాక, దుకాణం ఆయన రెండో రకం తీశాడు. అది డిక్కీ తలుపుకు పట్టీలతో కట్టేది. ఇనుప చట్రం డిక్కీ మీద ఆనుతుంది, పట్టీల చివర కొక్కేలు తలుపు అంచుల్లో తగులుకుంటాయి. చవక, తేలిక. నా కారుకు పెట్టి చూపించాడు. సైకిల్ ఆగాల్సిన చేతులు నా ఛాతీ ఎత్తున ఉన్నాయి. పట్టీలు బిగించాలంటే బలంగా లాగాలి. నేను ఎడమ చేత్తో లాగాను. బిగిసినట్టే కనిపించింది. వదిన వచ్చి చట్రాన్ని పట్టుకుని ఊపింది. ఒక కొక్కెం అంచు మీది నుంచి జారి చప్పుడుతో ఊడింది. తాను బిగిస్తే ఊడదని దుకాణం ఆయన అన్నాడు. ఆయన నా వెంట రాడు కదా అంది వదిన.

మూడో రకం ఆయన దగ్గర లేదు, ఫోన్లో బొమ్మ చూపించాడు. కారు కింద చట్రానికి ఒక లావాటి ఇనుప దూలం బిగిస్తారు. బంపర్ కింద నుంచి దాని కొస బయటికి వస్తుంది. దానికి ర్యాక్ తగిలిస్తారు. సైకిల్ చక్రాలు రెండూ కూర్చోవడానికి నేలకు మోకాలి ఎత్తున ఒక గాడి ఉంటుంది. సైకిల్‌ను వేలాడదీయక్కర్లేదు, ఆ గాడిలోకి ఎక్కించి, నడుం దగ్గర ఒక కొక్కెంతో పట్టేస్తే చాలు. బరువెక్కువ. ఖరీదూ ఎక్కువ. నంబరు ప్లేటు సైకిల్ చాటుకు పోతుంది కాబట్టి ర్యాక్‌కు ఇంకో ప్లేటు పెట్టుకోవాలి. కారు పొడుగు పెరుగుతుంది, వెనక్కి తీసేటప్పుడు చూసుకోవాలి. ఇవన్నీ ఆయన లోపాల కింద చెప్పాడు.

నేను ఆలోచిస్తుంటే వదిన ఆయనను ఒక పాత స్టూలు అడిగి, బొమ్మలో ఉన్నంత ఎత్తున దాన్ని కారు వెనక పెట్టింది. దుకాణంలో రిపేరుకు వచ్చిన సైకిల్ ఒకటి ఉంటే అది తెప్పించింది. నా చున్నీ తీసి నా కుడి చేతిని ఒంటికి కట్టేసింది. ఇప్పుడెక్కించమంది. ముందు చక్రాన్ని ఎడమ చేత్తో లేపి స్టూలు మీద పెట్టాను. వెనక చక్రాన్ని తొడతో ఆసరా ఇచ్చి లేపాను. ఎక్కింది. ఒక్కదాన్నే ఎక్కించాను. దవాఖానలో పడుకున్న రోజుల తర్వాత నా ఒంటితో నేను చేసుకున్న మొదటి బరువు పని అది. ఏడుపొచ్చింది.

తానూ చూస్తానని వదిన కొంగు దోపి సైకిల్‌ను దింపబోయింది. చేతులు చాచి లేపేటప్పుడు రవిక చెయ్యి పైకి జరిగింది. మోచేతి పైన నల్లగా నాలుగు వేళ్ళ ముద్రలు. వాటి పక్కన రూపాయి బిళ్ళంత కాలిన మచ్చ. దాని మీద ఇంకా పొక్కు ఆరలేదు.

నేను చూశానని ఆమె చూసింది. దుకాణం ఆయన కూడా చూశాడు. ఆయన చేతిలోని ఫోన్ జేబులో పెట్టుకుని, కాసేపు లోపలికి పోయి, రెండు గ్లాసుల నీళ్ళు తెచ్చి మా ముందు పెట్టాడు. మళ్ళీ లోపాల గురించి మాట్లాడలేదు. "జర్రంత టైమ్ ఇయ్యుండ్రి అమ్మా. హైదరాబాద్ నుంచి తెప్పిస్త. గట్టిగ, మజ్బూత్ బిగిస్త" అన్నాడు.

కారులో కూర్చున్నాక అడిగాను. ఎప్పటి నుంచి అని. మొదటి నుంచీ అంది. కూతురు ఇంట్లో ఉన్నన్ని రోజులు తలుపు మూసి కొట్టేవాడట. కూతురు చదువుకోవడానికి బాసర పోయి హాస్టల్లో ఉన్నాక తలుపు మూయడం మానేశాడు. నేను ఇంట్లో లేని డ్యూటీ వేళలు చూసుకునేవాడు. నా చెయ్యి విరిగాక నా మీద చెయ్యి ఎత్తలేదు కదా, అదంతా ఆమెకు పోయింది. కాల్చింది మోటారు వైర్లు అతికే కాలుతున్న కడ్డీతో. కాల్చడం మొదలుపెట్టింది నేను దానిమ్మ గింజలు తిన్న రోజుల్లోనే. ఆమె చెప్పేటప్పుడు ఏడవలేదు. నేను స్టీరింగ్ మీద తల పెట్టుకుని, అన్న గొంతు నా చేతుల మధ్య ఉన్నట్టు ఊహించుకున్నాను. నర్సును, గొంతు ఎక్కడ నొక్కాలో నాకు తెలుసు. నాతో రమ్మన్నాను. ఆమె కొంగు సర్దుకుని, కారు తియ్యమంది.

ర్యాక్ వచ్చిన రోజు అన్న హుస్నాబాద్ దగ్గర ఏదో పొలంలో మోటారు దించడానికి పోయాడు. మరునాడు గానీ రాడని తెలుసు. దుకాణంలో ర్యాక్ బిగించి ఇచ్చారు. ఇంటికొచ్చి కారు లోపల పెట్టుకున్నాను. మా ముంగిలి చిన్నది. కారు ముక్కు గోడకు ఆనించినా, వెనక ర్యాక్ గేటు గడప దాటి వీధిలోకి వచ్చింది. గేటు మూయడానికి రాలేదు. తాడుతో దగ్గరికి లాగి కట్టాను.

పొద్దున్నే బట్టల పెట్టెలు కారులో సర్దాను. సైకిల్‌ను గాడిలో నిలబెట్టి కొక్కెం బిగించాను. వదిన చాయ్ గ్లాసు తెచ్చి ఇచ్చింది. వస్తావా రావా అని అడగబోయేంతలో వీధి చివర అన్న బండి చప్పుడైంది. పని తొందరగా అయిపోయిందేమో, చెప్పిన దానికంటే ముందే వచ్చేశాడు.

బండి ఆపి, దిగి, కారునూ, ర్యాక్‌నూ, సీటు మీది పెట్టెలనూ చూశాడు. అరవలేదు. గేటు తాడు విప్పి, గేటును లాగి మూయబోయాడు. అది ర్యాక్‌కు తగిలి ఆగిపోయింది. మళ్ళీ లాగాడు. ఇంకోసారి భుజంతో తోశాడు. ఇనుము మీద ఇనుము పడుతున్న చప్పుడు తప్ప ఇంకేం లేదు. మమ్మల్ని లోపల పెట్టి తాళం వేయాలనుకున్నాడు. గేటు పడదని తెలిశాక బండి పక్క పెట్టెలోంచి మోటార్లు విప్పే పెద్ద పానా తీశాడు. మూరెడు పొడుగుంటుంది.

మొదటి దెబ్బ సైకిల్ హ్యాండిల్ మీద పడింది. రెండోది కారు వెనక అద్దం మీద. అద్దం మొత్తం ఒక్కసారిగా లోపలికి కూలింది. వదిన చేతిలోని గ్లాసు కింద పడింది. "ఎక్కు" అన్నాను ఆమెతో. ఆమె కాళ్ళకు చెప్పుల్లేవు. గాజు ముక్కల మీద నడిచి వచ్చి నా పక్క సీట్లో కూర్చుంది. అది చూసి అన్న ఆమె వైపు తిరిగాడు. కారుకూ గోడకూ మధ్య ఉన్న సందులో దూరి, తెరిచి ఉన్న కిటికీలోంచి చెయ్యి పెట్టి ఆమె జుట్టు పట్టుకున్నాడు. తల బయటికి లాగి తలుపు అంచుకేసి కొట్టాడు. ఒకసారి, ఇంకోసారి. ఆమె అరవలేదు. ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని మణికట్టు కొరికింది. వదల్లేదు. అన్న అరిచాడు. పానా కిందపడింది. ఆమె నోటి నిండా రక్తం, ఎవరిదో తెలియదు. చెయ్యి విడిపించుకుని, పానా అందుకుని, కారు వెనక్కి పోయి ర్యాక్‌కు అడ్డంగా నిలబడ్డాడు.

నేను కారు స్టార్ట్ చేశాను. పగిలిన అద్దంలోంచి, సైకిల్ చట్రం మధ్య నుంచి అన్న కనిపిస్తున్నాడు. పానా పైకెత్తి ర్యాక్‌ను బాదుతున్నాడు.

"నన్ను తొక్కి పో" అన్నాడు. "దమ్ముంటే తొక్కి పో."

"ఆగకు, పిల్లా" అంది వదిన.

రివర్స్ గేరు వేశాను. నాకు ఆ క్షణంలో చిన్నప్పుడు నా ముందు నిలబడ్డ అన్న గుర్తుకు రాలేదు. ఎవరూ గుర్తుకు రాలేదు. క్లచ్ మెల్లగా వదిలాను. కారు కదిలింది. తప్పుకుంటాడనుకున్నాను. తప్పుకోలేదు. మోకాలి ఎత్తున ఉన్న ఆ ఇనుప గాడి పోయి ఆయన కాళ్ళకు తగిలింది. ఆ చప్పుడు కూడా నాకు తెలిసిందే. వెనక్కి పడ్డాడు. బ్రేకు వేశాను. నా కాలు వేసింది. మనసులో ఆపాలని మాత్రం లేదు.

వదిన దిగింది. ఆయన దగ్గరికి పోయి, చేతి పక్కన పడ్డ పానా తీసుకుని, వీధి అవతలి మోరీ కాలువలో పడేసింది. లేపడానికి వంగలేదు. ఆయన పిక్క పట్టుకుని పిచ్చిగా తిడుతున్నాడు. అప్పటికి చుట్టుపక్కల వాళ్ళు తలుపులు తెరిచి వచ్చారు. ఎన్నేళ్ళుగానో అదే గోడల వెనక మా అరుపులు విన్నవాళ్ళు. ఒక పెద్దాయన నా కిటికీ దగ్గరికి వచ్చి, తోడబుట్టినోని మీద బండి ఎక్కిస్తావా అని గదమాయించాడు. వదిన మధ్యలోకి వచ్చి నిలబడి, అందరి ముందూ రవిక చెయ్యి పైకి లాగి చూపించింది. ఆ పెద్దాయన మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఇద్దరు ముగ్గురు కలిసి అన్నను పక్కకు జరిపారు. మేం బయటికి వచ్చాం.

నేరుగా పోలీస్ స్టేషన్‌కు పోయాం. హ్యాండిల్ వంగిన సైకిల్ వెనక ర్యాక్ మీద అలాగే ఉంది. పడలేదు. వదిన నెత్తి పగిలి చెవి వెనక నుంచి రక్తం కారుతోంది. నా చున్నీ మడిచి నొక్కి పట్టుకోమన్నాను. స్టేషన్లో ఒక ఆడ పోలీసు మా మాట విని రాసుకుంది. ఆమె పై అధికారి మాత్రం, కూర్చుని మాట్లాడుకుంటే పోయేదానికి కేసు ఎందుకన్నాడు. అప్పుడు వదిన అన్నది నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

"సార్, నేను ఇరవై ఏండ్ల సంది కూసోనే మాట్లాడుతున్న. గిప్పుడు నిలవడి చెప్తున్న, రాసుకోండ్రి."

రాసుకున్నారు. సాయంత్రానికి అన్న కూడా కట్టు కట్టించుకుని వచ్చి, కారుతో గుద్ది చంపబోయానని నా మీద రాయించాడు. ఆయన కాలి ఎముక చీలింది. రెండు కేసులూ ఇంకా నడుస్తున్నాయి. వాయిదా పడ్డప్పుడల్లా జైనూర్ నుంచి వస్తాం. కోర్టు వరండాలో ఎదురెదురుగా కూర్చుంటాం. అన్న కుంటుతాడు. మమ్మల్ని చూడడు.

జైనూర్‌లో నాకిచ్చిన క్వార్టరు రెండు గదులు. మొదట్లో వదిన నిద్రలో లేచి తలుపు గడియ చూసుకునేది. నేనూ చూసుకునేదాన్ని. బయట ఇనుప గేటు చప్పుడైతే ఇద్దరం చేస్తున్న పని ఆపి చెవి పెట్టేవాళ్ళం. కూతురుకు ఫోన్ చేసి అంతా చెప్పింది. నువ్వు మళ్ళా ఆ ఇంటికి పోతే నేను సెలవులకు ఎక్కడికీ రాను అవ్వా అందట. వదిన మా క్వార్టరుకు దగ్గర్లోని ఆశ్రమ పాఠశాలలో వంటకు కుదిరింది. గోండు పిల్లలు ఆమెను మొదట భయంగా చూసేవారు. నెత్తికి కుట్లు వేసిన చోట జుట్టు గొరిగి ఉండేది మరి. పది మాటలు మాట్లాడితే అందులో మరాఠీ మాటలు నాలుగు దొర్లే ఆ ఊరి మాట కూడా ఆమెకు తొందరగానే వచ్చేసింది.

ఒక సెలవు రోజు మధ్యాహ్నం అన్న వచ్చాడు. ముందుగా చెప్పలేదు. కర్ర పట్టుకుని క్వార్టరు ముందు నిలబడ్డాడు. బక్కగా అయ్యాడు, గడ్డం పెరిగింది. నేను జాలీ తలుపు గడియ పెట్టాను. ఆయన నాతో మాట్లాడలేదు. వదినను పిలిచాడు. దుకాణంలో పనిచేసేవాళ్ళు ఒక్కరూ నిలవడం లేదన్నాడు. వండిపెట్టే దిక్కు లేదన్నాడు. నెత్తి మీద చెయ్యి పెట్టుకుని, ఇకమీద కొట్టనని ఒట్టేశాడు. ఆ మాట నా చిన్నప్పుడు బాపు అవ్వకు చెప్పడం నేను విన్నాను. అన్న కూడా విన్నాడు. మేమిద్దరం పక్కపక్కన కూర్చుని విన్నాం.

వదిన జాలీ దగ్గరికి వెళ్ళి నిలబడింది. నాకు భయమేసింది, తలుపు తీస్తుందేమోనని.

"నువ్వు కొట్టకపోవచ్చు" అంది. "కొడ్తవేమో అని నేను సూస్కుంట ఉంటగద. నాకు గది సాతకాదు. పో."

అన్న మొహం మారింది. కర్ర ఎత్తి జాలీ మీద ఒక్కటి కొట్టాడు. తీగలు లోపలికి సొట్టపడ్డాయి. వదిన వెనక్కి జరగలేదు. నేను వంటింట్లోంచి రోకలి తీసుకుని వచ్చి ఆమె పక్కన నిలబడ్డాను. ఎదురింటి వాళ్ళు బయటికి వచ్చారు. ఇక్కడివాళ్ళు మొహం తిప్పుకోలేదు. ఒకాయన వచ్చి అన్న భుజం మీద చెయ్యి వేసి, బస్సు టైమ్ అవుతోందని మర్యాదగానే అన్నాడు. అన్న కాసేపు ఆయన్నీ మమ్మల్నీ చూసి, కర్ర దించి, కుంటుతూ రోడ్డు వైపు నడిచాడు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఎవరి కోసమో నన్నడగొద్దు. రోకలి మాత్రం చేతిలోంచి దించలేదు, బస్సు పోయిన చప్పుడు వినబడేదాకా.

ఆ తర్వాత వదినకు బాగా ఆకలేసింది. పొద్దున వండిన జొన్న రొట్టెలు, చింతచిగురు పప్పు ముందు పెట్టుకుని, మాట్లాడకుండా, కడుపు నిండా తిన్నది. నాకూ పెట్టింది. తిన్నాక చాప పరుచుకుని, గోడ వైపు తిరిగి పడుకుంది. పొద్దు గూకినా లేవలేదు. లేపుదామని పోయి, గురక వింటూ తలుపు దగ్గరే నిలబడిపోయాను. ఆమె గురక పెడుతుందని అన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉండి కూడా నాకు తెలియదు.